బాలింతకు థైరాయిడ్ మందగించినప్పుడు

మన సరిహద్దు కుటుంబాలలో తొలి కాన్పు పుట్టింట జరుగుట ఆచారం. అనంతపురానికి ఇచ్చిన బళ్ళారి ఆడపడుచు కాన్పుకు బళ్ళారి వస్తుంది. పర్లాఖిమిడి కోడలు పాతపట్నంలోని తల్లి వద్ద పురుడు పోసుకొంటుంది. హోసూరు, కుప్పం మధ్య రాకపోకల సంగతి చెప్పనే అక్కరలేదు. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డనెత్తుకొని అత్తవారింటికి చేరుతుంది. సరిగ్గా ఆ నెలలలోనే కొందరు తల్లులలో ఒక మార్పు వస్తుంది. తెల్లవారి లేవలేరు. ఎండలోనూ చలి అంటారు. ముఖం ఉబ్బుతుంది, గొంతు బొంగురుపోతుంది, మలబద్ధకం పట్టుకొంటుంది, తల దువ్వితే జుట్టు చేతికి వస్తుంది. చెప్పిన మాట మరచిపోతారు. పుట్టింటి గారాబం మరిగి పని చేయలేకున్నదని ఒకరు, బాలింత వాతమని మరొకరు, పథ్యం తప్పినదని ఇంకొకరు అంటారు. ఇవేవీ కాక, మెడలోని ఒక చిన్న గ్రంథి మందగించుట ఇందుకు కారణం కావచ్చును.

గొంతు ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథిని పాఠ్యపుస్తకాలలో అవటు గ్రంథి అంటారు. జనం నోట అది థైరాయిడ్. శరీరం ఎంత వేగంగా పని చేయవలెనో నిర్ణయించే హార్మోనులను ఇది తయారు చేస్తుంది. దీనిని అదలించి పని చేయించేది మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి. థైరాయిడ్ మందగించిన కొద్దీ పీయూష గ్రంథి గట్టిగా కేకలు వేస్తుంది. ఆ కేకయే రక్తపరీక్షలో కనిపించే టి.ఎస్.హెచ్. కనుక ఆ అంకె పెరిగినదంటే గ్రంథి పని తగ్గినదని అర్థం. ఈ తిరకాసు తెలియక, అంకె ఎక్కువ ఉన్నది కాబట్టి థైరాయిడ్ ఎక్కువైనదని ఇంటిల్లిపాదీ పొరబడుట సాధారణం.

కాన్పు తరువాతనే ఇది ఎందుకు వస్తుంది? గర్భంలోని శిశువును శరీరం పరాయిదిగా భావించి దాడి చేయకుండా, ఆ తొమ్మిది నెలలూ తల్లి రోగనిరోధక శక్తి కొంత అణగి ఉంటుంది. ప్రసవం కాగానే అది తిరిగి లేస్తుంది. కొందరిలో అది దారితప్పి సొంత థైరాయిడ్ మీదనే పడుతుంది. ప్రతి నూరుమంది తల్లులలో సుమారు ఐదుగురికి ఇట్లా జరుగుతుందని అంచనా. చిన్ననాటి నుంచి ఇన్సులిన్ తీసుకొనే మధుమేహం ఉన్నవారికి, ఇంట థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి అవకాశం మరింత ఎక్కువ.

దెబ్బ తిన్న గ్రంథి నుంచి నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి కారుతుంది. అందువల్ల తొలి నెలలలో గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, చిరాకు కనిపించవచ్చును. చాలామంది దీనిని గమనించనే గమనించరు. ఈ దశ దానంతట అదే తగ్గుతుంది. గ్రంథిని అణచే మందులు దీనికి పనికిరావు. నిల్వ ఖాళీ అయిన తరువాత, సామాన్యంగా నాలుగవ నెల నుంచి ఎనిమిదవ నెల వరకు, మందగింపు దశ నడుస్తుంది. ఇక్కడ మన ఊళ్ళకు ఒక ఇబ్బంది ఉన్నది. నవజాత శిశువు కోసం ఆశా కార్యకర్త చేసే ఇంటి సందర్శనలు 42వ రోజుతో ముగుస్తాయి. ఆ తరువాత మూడు, ఆరు, తొమ్మిది నెలలకు ఆమె వచ్చినా చూపంతా బిడ్డ బరువు మీదనే. తల్లి అప్పటికి రాష్ట్రమే మారి ఉంటుంది. కాన్పు చేసిన వైద్యురాలు ఒకచోట, ఇప్పటి ఆసుపత్రి మరొకచోట. బిడ్డకు తొమ్మిదవ నెల టీకా వేయించ వెళ్ళినప్పుడైనా తల్లి తన సంగతి చెప్పుకొనుట మంచిది.

జుట్టు రాలిన ప్రతివారికీ థైరాయిడ్ జబ్బు అనుకోరాదు. కాన్పైన మూడు నాలుగు నెలలకు జుట్టు ఊడుట సహజమే. రక్తహీనత వల్లనూ ఇంతటి అలసట వస్తుంది. కనుక హిమోగ్లోబిన్, టి.ఎస్.హెచ్., ఫ్రీ టి4 పరీక్షలు మూడూ కలిపి చేయించిన పక్షంలో సందేహం తీరుతుంది. పాలు తగ్గినవని డబ్బాపాలకు మారక ముందు కూడా ఈ పరీక్ష గుర్తుకు రావలెను. ఇక మనస్సు బొత్తిగా కుంగిపోయి, బతకాలని లేదు అనే మాట తల్లి నోట వస్తే, పరీక్షాఫలితం కోసం ఆగకుండా వెంటనే వైద్యుని చూపవలెను. 14416 నంబరుకు చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా మాట్లాడుతారు. 2022లో మొదలైన ఆ సేవ తెలుగులోనూ ఉన్నది.

చికిత్స లీవోథైరాక్సిన్ మాత్ర. అది ఏ ఘాటు మందూ కాదు, గ్రంథి తయారు చేయవలసిన హార్మోనే. పాలిచ్చే తల్లి నిశ్చింతగా వాడవచ్చును. పాల ద్వారా బిడ్డకు చేరేది అత్యల్పం; మాత్ర మింగితే పాలు చెడతాయన్నది వట్టి మాట. అయితే ఈ మాత్రకు పెంకితనం ఎక్కువ. పరగడుపున నీళ్ళతో మింగి, అరగంట నుంచి గంట వరకు కాఫీ గాని, పాలు గాని, రాగిజావ గాని ముట్టరాదు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. కాన్పైన ఆరు నెలల వరకు ఆరోగ్య కేంద్రం వారు తల్లులకు ఎర్రని ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఇస్తారు. ఆ రెండూ థైరాయిడ్ మందును కడుపులోనే పట్టి ఉంచి రక్తంలోకి పోనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండి తీరవలెను. అన్ని మాత్రలనూ ఒకే డబ్బాలో పెట్టుకొని పొద్దున్నే ఒక్క గుక్కలో మింగే తల్లికి, మందు వాడుతున్నా అంకె దిగదు. అప్పుడు మోతాదు పెంచుతారు. తప్పు మోతాదుది కాదు. తెల్లవారుజామున థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్న భోజనంతోనూ రాత్రి భోజనంతోనూ కాల్షియం, పడుకొనే ముందు ఐరన్ అన్న క్రమం పెట్టుకుంటే చిక్కు లేదు.

ఒకనాడు మరచిపోతే గుర్తుకు వచ్చినప్పుడు వేసుకొనవచ్చును, ఈ హార్మోను శరీరంలో వారం పాటు నెమ్మదిగా తరుగుతుంది గనుక. ఉపవాసం నాడు మానవలసిన పని లేదు. నీటితో మింగే గోరంత మాత్ర ఏ వ్రతాన్నీ చెరపదని మా అభిప్రాయం. సీసాను పొయ్యిగట్టు మీద, ఎండ తగిలే కిటికీలో ఉంచరాదు. బళ్ళారి, రాయచూరు వేసవిలో మందు చెడిపోవుటకు అది చాలు. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష చేయించవలెను. పది రోజులకే చేయిస్తే డబ్బు దండుగ.

రాష్ట్రం దాటే తల్లి వెంట ఉండవలసినవి రెండు: ఖాళీ అయినా సరే, మందు సీసా, పరీక్షల కాగితాలు. కన్నడంలోని తాయి కార్డును ఒడిశా నర్సు చదవలేదు, ఒడియాలో రాసినది చిత్తూరులో అక్కరకు రాదు. సీసా మీది పేరు, 25 గాని 50 గాని 100 గాని ఉన్న అంకె ఎవరైనా చదవగలరు. ఆ అంకెలు మైక్రోగ్రాములు. దుకాణదారు 25కు బదులు 100 చేతిలో పెడితే అది నాలుగింతలు. కంపెనీ మారినప్పుడు కూడా వైద్యునికి చెప్పి పరీక్ష చేయించుట క్షేమం.

ఉప్పు సంగతి కూడా ఇక్కడ చెప్పవలెను. అయొడిన్ లోపమే గాయిటర్‌కు మూలమని, ఉప్పులో అయొడిన్ కలిపితే అది తగ్గుతుందని కాంగ్రా లోయలో 1956లో మొదలైన పరిశోధనతో నిరూపించినవారిలో ప్రముఖుడు వులిమిరి రామలింగస్వామి. ఆయన 1921లో మన శ్రీకాకుళంలోనే జన్మించినారు. 1962లో దేశవ్యాప్త గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైనది. అయినా నౌపడ, హుమ్మా ఉప్పు మడుల చుట్టుపక్కల అయొడిన్ కలపని గల్లుప్పు వంటింటికి చేరే వీలు ఎక్కువ. పాలిచ్చే తల్లికి అయొడిన్ అవసరం హెచ్చు, ఎందుకంటే బిడ్డకు అందేది ఆమె పాలలో నుంచే. కాని పైన చెప్పిన జబ్బు అయొడిన్ ఉప్పుతో నయం కాదు. మాత్రకు అది బదులు కాదు. ఉడికించిన క్యాబేజీని మితంగా తింటే హాని లేదు.

ఈ మందు జీవితాంతమా? చాలామందికి కాదు. ఏడాది, ఏడాదిన్నరలో గ్రంథి కోలుకొంటుంది. వైద్యుడు మోతాదును మెల్లగా తగ్గించి చూస్తారు. కొందరికి మాత్రం మందగింపు స్థిరపడుతుంది, వారు మాత్రను కొనసాగించవలసిందే. కోలుకొన్నవారికి కూడా మరుకాన్పులో తిరిగి వచ్చే అవకాశం, కొన్ని సంవత్సరాలకు శాశ్వతంగా పట్టే అవకాశం ఉన్నందున ఏడాదికొకసారి పరీక్ష మానరాదు. గర్భం రాక ముందు నుంచే మాత్ర వాడుతున్నవారి లెక్క వేరు. గర్భంలో పెంచిన మోతాదును కాన్పు కాగానే పాత మోతాదుకు దించి, ఆరవ వారంలో పరీక్ష చేస్తారు.

రెండవ బిడ్డను తలపెట్టినవారు ముందుగా టి.ఎస్.హెచ్. చూపించుకొనవలెను. గర్భంలో తొలి మూడు నెలలు శిశువు థైరాయిడ్ పని మొదలు పెట్టదు. దాని మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోను తల్లిదే. గర్భమని తెలియగానే ఏ మందులూ వద్దని పెద్దలు ఈ మాత్రను మాన్పించుట మన ఇళ్ళలో జరుగుతూనే ఉన్నది. ఆపవలసిన సమయం కాదది, మోతాదు పెంచవలసిన సమయం. నెల తప్పిన వారంలోనే వైద్యుని వద్దకు వెళ్ళవలెను. బిడ్డ పుట్టిన తరువాత రెండవ రోజు నుంచి ఐదవ రోజులోగా మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే టి.ఎస్.హెచ్. పరీక్షను కూడా ఆసుపత్రి వారిని అడిగి చేయించుకొని, ఆ కాగితాన్ని తల్లి కాగితాలతో కలిపి భద్రపరచవలెను.