కారు హీటర్-ఏసీ పెట్టె తొలగింపు

కారు డాష్‌బోర్డు వెనుక అమర్చిన ప్లాస్టిక్ గూడును హీటర్-ఏసీ పెట్టె అంటారు. బ్లోయర్ ఫ్యాను, మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అని పిలిచే ఎవాపరేటర్, హీటర్ కోర్, గాలిని దారి మళ్ళించే చిన్న తలుపులు సాధారణంగా ఇందులోనే ఉంటాయి. కాయిల్‌కు చిల్లు పడి గ్యాసు పోయినా, హీటర్ కోర్ కారి కాళ్ళ దగ్గర తివాచీ తడిసినా అనేక కార్లలో పెట్టె మొత్తాన్ని బయటికి తీయవలసి వస్తుంది. విడిభాగం ధర కంటే కూలి తరచు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

పెట్టె లోపల ఉన్నా, పని మాత్రం ఇంజను వైపు నుండి మొదలవుతుంది. ముందుగా ఏసీ గ్యాసును రికవరీ యంత్రంతో సిలిండరులోకి లాగాలి. గొట్టం విప్పి గాలిలోకి వదిలివేయడం సులువే గాని క్షమార్హం కాదు. ఎన్నో కార్లలో ఉన్న ఆర్-134ఎ ఓజోను పొరను దెబ్బతీయదు. అయితే వందేళ్ళ లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. పైగా సాధారణ వాతావరణ పీడనం వద్ద ఇది -26 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. అందువలన ద్రవరూపంలో చర్మంపై పడితే కణజాలం గడ్డకడుతుంది, కంటిలో పడితే చూపుకే ముప్పు.

ఇంజను చల్లారిన తరువాత కూలెంటును తీసి, హీటరు గొట్టాలను విడదీస్తారు. బ్యాటరీ తీగ విప్పి, తయారీదారు చెప్పిన వ్యవధి గడిచాకే ఎయిర్‌బ్యాగును ముట్టుకోవాలి. దాని సర్క్యూట్లో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆపై డాష్‌బోర్డును, చాలా కార్లలో దాని వెనుకనున్న లోహపు దూలాన్ని కూడా తొలగిస్తే పెట్టె చేతికందుతుంది.

తిరిగి బిగించేటపుడు పాత ఓ-రింగులు వాడరాదు. వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను లాగివేసి, లీకు లేదని తేలిన పిమ్మటే గ్యాసును తూచి నింపాలి.