పాము పెట్టెలో ప్రోబు: కొలత నిలవాలంటే తీగ కదలరాదు

పాము పేరు వినగానే కర్ర కోసం వెతకడం మన ఇళ్లలో ఒక అలవాటు. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి దండం పెట్టుకోవడం మరొక అలవాటు. ఈ రెండింటికీ చెందని మూడవ పద్ధతి అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో ఉన్నది. అక్కడ కొన్ని విషరహిత జాతుల పాములను కుక్కపిల్లలవలె ఇంట్లో పెంచుకుంటారు. మన ఉద్యోగులలో పలువురి పిల్లలు ఆ దేశాలలో స్థిరపడ్డారు. మనవలను చూడబోయిన పెద్దలు పిల్లల గదిలో గాజుపెట్టెను, అందులో చుట్ట చుట్టుకుని ఉన్న పామును చూసి నివ్వెరపోవడం జరుగుతూనే ఉన్నది. అలా వెళ్లివచ్చిన మిత్రులు కొందరు, కొలత పరికరాల విభాగంలో పనిచేసే మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: పెట్టెలో వేడిని కొలిచే తీగను పాము మాటిమాటికీ లాగివేస్తున్నది, దానిని నిలిపేది ఎలా? ప్రశ్న చిన్నదే. కాని ఆ మూగజీవి క్షేమం ఆ సమాధానం మీద ఆధారపడి ఉన్నది.

విషయంలోకి వెళ్లేముందు ఒక హెచ్చరిక. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి స్వదేశీ పాములను పట్టి పెంచుకోవడం నేరం. అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్న విదేశీ జీవులను పెంచేవారు వాటిని నమోదు చేయించాలని 2022 నాటి సవరణ నిర్దేశిస్తున్నది. కనుక ఈ వ్యాసం చట్టబద్ధంగా పాములను పెంచుకునే కుటుంబాల కొరకే.

వేడితో ఏమి పని?

పాము తన శరీరపు వేడిని తానే నిలుపుకోలేదు. ఎండకు, నీడకు మారుతూ పరిసరాల నుండి కావలసిన వేడిని గ్రహిస్తుంది. అందువల్ల పెట్టెలో ఒక కొన వెచ్చగా, రెండవ కొన చల్లగా ఉండాలి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్‌కు వెచ్చని కొన సుమారు 31–32 డిగ్రీల సెల్సియస్, చల్లని కొన 25–26 డిగ్రీలు అనుకూలం. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు కార్న్ స్నేక్‌కు అంతకంటె కొంత తక్కువ చాలును. వేడి చాలకపోతే తిన్నది అరగదు, మింగిన ఎరను కక్కివేయవచ్చు, శ్వాసకోశ వ్యాధులు కూడా రావచ్చు. వేడి మితిమీరితే మరొక ప్రమాదం. పొట్ట కింద నేల కాలుతున్నా పాము అనేకసార్లు సకాలంలో పక్కకు జరగదు. కాలిన గాయం కనబడేసరికి చర్మం లోతుగా చెడిపోయి ఉంటుంది.

ప్రోబు తప్పుకుంటే

పెట్టె అడుగున హీట్ మ్యాట్ అనే పలుచని వేడి పలకను అమర్చి, దానిని థర్మోస్టాట్ ద్వారా నడుపుతారు. థర్మోస్టాట్‌కు కళ్లు లేవు. ప్రోబు కొస ఎక్కడ ఉన్నదో అక్కడి ఉష్ణోగ్రతే దానికి తెలిసిన లోకం. పాము తీగను తోసి చల్లని మూలకు చేర్చినా, నీళ్ల గిన్నెలో పడవేసినా, పెట్టె అంతా చల్లబడిందని అది భావిస్తుంది. పలకకు విద్యుత్తు ఆపక సరఫరా చేస్తుంది. కర్మాగారంలో కొలిమి థర్మోకపుల్ తన గొట్టం నుండి కొంత వెలికి జరిగితే, నియంత్రకం ఇంధనాన్ని పెంచుతూ పోవడం మనకు తెలిసినదే. ఇక్కడ జరిగేది కూడా అదే.

మరొక సూక్ష్మం ఉన్నది. ఈ ప్రోబులలో చాలావాటి కొసన ఉండేది థర్మిస్టర్. వేడి పెరిగినకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది. అంటే పరికరానికి అది విపరీతమైన చలిగా కనిపిస్తుంది. ప్రోబు చెడిపోయినపుడు తనంతట తానే వేడిని ఆపివేసే ఏర్పాటు ఉన్న థర్మోస్టాట్‌నే కొనడం అందుకే అవసరం.

టేపు మాత్రం వద్దు

తీగను నిలపడానికి అందరికీ ముందు తోచేది అంటుకునే టేపు. పెట్టె లోపల అది ఎన్నడూ పనికిరాదు. వేడికి, తేమకు టేపు అంచులు లేస్తాయి. కుబుసం విడిచే కాలంలో పాము ప్రతి వస్తువుకూ ఒళ్లు రాస్తుంది. ఒక్క అంచు పొలుసులకు అంటుకుంటే, విడిపించుకోవాలని మెలికలు తిరిగినకొద్దీ టేపు మరింత చుట్టుకుంటుంది, చర్మం చిరిగిపోతుంది. అటువంటిది జరిగితే బలవంతంగా లాగరాదు. వంటనూనె రాసి, జిగురు మెత్తబడేవరకు ఓపిక పట్టి, తల నుండి తోక వైపుగా మెల్లమెల్లగా వదిలించాలి. చర్మం దెబ్బతింటే పశువైద్యుని వద్దకు వెంటనే తీసుకువెళ్లాలి.

క్షేమమైన పద్ధతులు

మొదటిది, అన్నింటికంటె మేలైనది, ప్రోబును పెట్టె వెలుపలనే ఉంచడం. గాజు అడుగుకు, వేడి పలకకు మధ్య దానిని అమర్చితే పాము తాకే అవకాశమే లేదు. బయట కనుక టేపు వాడినా దోషం లేదు. అయితే లోపలి గాజు ఉష్ణోగ్రత వేరుగా ఉంటుంది. అడుగున పరచిన పొట్టును కొద్దిగా తొలగించి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో గాజును కొలిచి, ఆ ప్రకారం థర్మోస్టాట్‌ను సరిదిద్దుకోవాలి. పాము పొట్టును తవ్వి గాజు మీదనే పడుకుంటుందన్న సంగతి మరువరాదు.

రెండవది, చెక్క పెట్టెలకు తగినది. తీగ వెంబడి చిన్న క్లిప్పులను స్క్రూలతో బిగించి, కేబుల్ టైతో కట్టి, టై కొసను నున్నగా కత్తిరించాలి. వాడి అంచు మిగిలితే అది కూడా గాయపరుస్తుంది. ఇళ్ల వైరింగుకు వాడే పీవీసీ కేసింగ్ ముక్కను గోడకు బిగించి తీగను అందులో నడిపితే మరీ మంచిది. తీగ లోనికి వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తొడగాలి. తల దూరేంత సందు ఉంటే పాము బయటపడుతుంది.

మూడవది, గాజు పెట్టె లోపల తప్పనిసరిగా అమర్చవలసి వస్తే, చేపల తొట్ల కొరకు అమ్మే సిలికోన్‌తో తీగను అక్కడక్కడ అతికించడం. ప్రోబు కొసను మాత్రం కప్పకుండా వదలాలి. సిలికోన్ పూర్తిగా గట్టిపడి, పులుపు వాసన పోయేవరకు పామును వేరే పెట్టెలో ఉంచాలి. రబ్బరు చూషక బిళ్లలు కొంతకాలానికి జారిపోతాయి. థర్మోస్టాట్ ప్రోబును వాటికి అప్పగించరాదు.

వేడి పై నుండి వచ్చే పెట్టెలలో ప్రోబును పాము పడుకునే ఎత్తున ఉంచాలి. బల్బుకు జాలీ తప్పనిసరి.

పరీక్షించిన పిదపనే ప్రవేశం

అమర్చేముందు ప్రోబు కొసను నలగగొట్టిన మంచు, నీరు కలిపిన గ్లాసులో ముంచి కలియబెట్టండి. సున్నా డిగ్రీల దగ్గర చూపితే దానిని నమ్మవచ్చు. తేడా ఉంటే రాసిపెట్టుకోండి. అమర్చిన తరువాత తీగను వేలితో లాగి చూడండి. పాము లేకుండా ఒక పగలు, ఒక రాత్రి నడిపి రీడింగులు గమనించండి. థర్మోస్టాట్‌తో సంబంధం లేని మరొక థర్మామీటరును తప్పక ఉంచండి. నియంత్రించే పరికరమే తనను తాను తనిఖీ చేసుకోజాలదన్నది మన ప్లాంటులో ప్రతి షిఫ్టూ పాటించే నియమం.

కుక్క నొప్పి పుడితే మూలుగుతుంది, పిల్లి అరుస్తుంది. పాముకు ఆ గొంతు లేదు. దాని బాధ మనకు ముందుగా తెలిసేది ఆ చిన్న తీగ కొసన కనిపించే అంకె ద్వారానే. పెంచుకునే పిల్లలకు ఈ సంగతి వివరించి, ప్రతి ఉదయం రెండు రీడింగులనూ ఒక పుస్తకంలో రాయించడం పెద్దల బాధ్యత. లాగ్‌షీట్ అలవాటు చిన్ననాడే అబ్బితే, పాముకూ మేలు, పిల్లలకూ మేలు.