ఢిల్లీ లేఖ: మూడు కాయిళ్ళు మింగిన జీపు

ఈ వారం పార్లమెంటు ముచ్చట్లు పక్కన పెట్టి నా జీపు గురించి రాస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. విషయం చిన్నదే. అయితే రాజధానిలో పనులు జరిగే తీరును ఇంత దగ్గరగా చూసే అవకాశం ఈ మధ్యకాలంలో నాకు ఏ మంత్రిత్వ శాఖా కల్పించలేదు.

బండి 1960 దశకం నాటిది, పెట్రోలుతో నడిచేది. 1945లో లూధియానాలో మహీంద్రా సోదరులు, గులాం మహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారానికి పెట్టిన సంస్థే తరువాత అమెరికా వారి విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చి అమ్మింది. విభజనానంతరం గులాం మహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మారింది. విల్లీస్ జీపు మాత్రం సరిహద్దుకు ఇరువైపులా తిరుగుతూనే ఉంది.

పదిహేనేళ్ళు దాటిన వాహనం ఢిల్లీ రోడ్డెక్కరాదని హరిత ట్రిబ్యునల్ 2014లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాని అమలుకు ఆజ్ఞాపించింది. యాభై ఏళ్ళు నిండి, అసలు రూపం చెడని వాహనాలకు వింటేజ్ హోదా ఇచ్చే కేంద్ర నిబంధనలు 2021లో వచ్చాయి. నా జీపు బతికి బట్టకట్టింది ఆ హోదా వల్లనే. అయితే దానిని నిత్యవ్యవహారాలకు నడపరాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో మాత్రమే బయటికి తీయాలి. అటువంటి బండి నడిరోడ్డుపై ఆగితే యజమాని కాగితాల కట్ట పట్టుకొని ప్రతి కానిస్టేబులుకూ కొత్తగా చరిత్ర పాఠం చెప్పవలసి ఉంటుంది. గత వేసవిలో నేను ఆ పాఠం మూడుసార్లు చెప్పాను.

మూడుసార్లూ లక్షణం ఒకటే. నలభై నిమిషాలు హాయిగా నడిచిన ఇంజను దగ్గి, తడబడి, ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్ళీ కదిలేది. నాలుగు రోజులకు అదీ లేదు. మొదటిసారి చుట్టూ మూగిన వారంతా ఎండకు పెట్రోలు ఆవిరై అడ్డుపడుతోందని తేల్చి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశారు. ఢిల్లీ వేసవిలో అది నమ్మదగిన మాటే. కాని ఆగిన మరుక్షణమే ప్లగ్గు తీగ ఊడదీసి చూస్తే నిప్పురవ్వ లేదు. రవ్వ ఉండి ఇంజను కదలకపోతే పెట్రోలును అనుమానించాలి. రవ్వే లేనప్పుడు పెట్రోలును నిందించి లాభమేమి?

కాబట్టి కాయిలు మార్చాను. పాతది పట్టుకొని కాశ్మీరీ గేటు వద్ద మోటారు విడిభాగాల బజారులో ఒక దుకాణానికి వెళ్ళి, అచ్చంగా ఇటువంటిదే ఇమ్మన్నాను. ఇచ్చారు. అది పోయినప్పుడూ అదే మాట అన్నాను, అదే వస్తువు ఇచ్చారు. మంత్రిపై ఆరోపణ వస్తే అదే కోవకు చెందిన మరొకరిని కూర్చోబెట్టే పద్ధతిని ఈ శీర్షికలో నేనెన్నిసార్లు విమర్శించానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గు వేస్తోంది.

మూడో కాయిలు కూడా పోయాక, డెబ్బై దాటిన ఒక ఉస్తాద్ ముందు జీపు నిలిపాను. ఆయన చేతిలో స్పానరు లేదు, మీటరు ఉంది. "మూడు కాయిళ్ళు చచ్చాయంటే తప్పు కాయిలుది కాదు సాబ్, దాన్ని చంపుతున్నవాడు వేరే ఉన్నాడు" అన్నారు. ముందుగా బ్యాటరీకి ఎక్కుతున్న విద్యుత్తును కొలిచారు. 14 వోల్టుల పైచిలుకు; దోషం లేదు. ఇంజనుకూ చట్రానికీ మధ్య ఎర్తు పట్టీ చూశారు. అదీ గట్టిగానే ఉంది. తరువాత కాయిలు తీగలు విప్పి ప్రాథమిక చుట్ట నిరోధం కొలిస్తే 1.5 ఓములు వచ్చింది. ఆయన తల పంకించారు.

కాయిలులో రెండు చుట్టలుంటాయి. లావు తీగ చుట్టలో బ్యాటరీ విద్యుత్తు పారుతుంటే డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడి దానిని తెంచుతాయి; ఆ క్షణంలో సన్నతీగ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు వద్ద రవ్వ అవుతాయి. 12 వోల్టుల బండికి నేరుగా బిగించే కాయిలు నిరోధం సుమారు 3 ఓములు ఉండాలి. 1.5 ఓముల కాయిలుకు వరుసలో మరో 1.5 ఓముల బాలాస్ట్ రెసిస్టరు తప్పనిసరి. అది ఉంటే పాయింట్లు మూసుకున్నప్పుడు 4 ఆంపియర్లు పారి, కాయిలులో 24 వాట్ల వేడి పుడుతుంది. లేకపోతే 8 ఆంపియర్లు పారి 96 వాట్లు, అంటే నాలుగింతలు పుడుతుంది. ఆ వేడికి తీగపై పూత కరిగి చుట్టలు లోలోపల కలిసిపోతాయి. చల్లారితే కొంతకాలం తేరుకుంటుంది, తరువాత పూర్తిగా చస్తుంది.

మరి ఆ రెసిస్టరు ఏమైంది? నా బండికి మొదట 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. 12 వోల్టులకు మార్చిన పూర్వపు మేస్త్రి ఎవరో బుద్ధిగా ఒక తెల్లని పింగాణీ ముక్క బిగించాడు. నిరుడు వైరింగు కొత్తగా వేసిన కుర్రవాడు అది అనవసరమనుకొని తీసేసి తీగ నేరుగా కలిపాడు. నేను పక్కనే నిలబడి, పని శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాను కూడా.

నా వంతు నేరం మరొకటి ఉంది. ప్రదర్శనల్లో పిల్లలకు మీటర్ల ముళ్ళు చూపించడానికి ఇంజను ఆపి తాళం చెవి తిప్పి ఉంచేవాణ్ణి. ఇంజను ఆగినప్పుడు పాయింట్లు విడివడి ఉంటే ఇబ్బంది లేదు. మూసుకొని ఉంటే మాత్రం విద్యుత్తు ఆగకుండా పారుతూనే ఉంటుంది. ఏ రోజు ఎలా ఆగుతుందో అదృష్టం.

ఉస్తాద్ రెసిస్టరు పెట్టకుండా 3 ఓముల కాయిలు తెప్పించారు. అతుకులు ఎంత తగ్గితే అంత మంచిదని ఆయన వాదన. రెండూ కలిపి పెడితే రవ్వ బలహీనపడుతుందనీ హెచ్చరించారు. గంటన్నర నడిపి ఆగాక ఆయన కాయిలుపై అరచెయ్యి ఆనించి తీరిగ్గా టీ తాగారు. పాత దానిపై చెయ్యి క్షణం నిలిచేది కాదు.

చచ్చిన కాయిళ్ళలో ఒకదానిని తిప్పి చూపించారు. బయటి రెసిస్టరుతో మాత్రమే వాడవలెనని దాని ఒంటిమీదే చిన్న ఇంగ్లీషు అక్షరాలలో అచ్చయి ఉంది. మూడింటినీ ఆ అక్షరాలు లోపలి గోడ వైపు ఉండేలా నేనే బిగించాను. కొత్త కాయిలును ఆయన అక్షరాలు బయటికి కనిపించేలా తిప్పి బిగించి, పక్కన తెల్లరంగుతో పెద్దగా 3 అంకె వేసి ఇచ్చారు.