ముఖాన వేడి ఆవిర్లు: అన్నీ ముట్లుడిగే దశవేనా?

నలభై అయిదు దాటిన గృహిణులు వైద్యునితో తరచుగా చెప్పుకొనే బాధ ఒకటున్నది. ఉన్నట్టుండి ముఖం, మెడ, ఎద పైభాగం ఎర్రబడి వేడి ఆవిర్లు వస్తాయి. ముట్లుడిగే వయసు గనుక సహజమేనని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. చాలామంది విషయంలో అది నిజమే. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తగ్గినప్పుడు, మెదడులో దేహోష్ణాన్ని నియంత్రించే కేంద్రం అదుపు తప్పడమే అందుకు కారణం.

అయితే ఇదే ఎరుపు అరుదుగా మరొక వ్యాధికి చిహ్నం. నాడీకణాల స్వభావమూ, హార్మోన్లను స్రవించే గుణమూ కలిగిన కణాలు పేగులలో, క్లోమంలో, ఊపిరితిత్తులలో ఉంటాయి. వాటి నుండి పుట్టేవి న్యూరో ఎండోక్రైన్ కణితులు. వీటిలో ఒక రకానికి 1907లో జర్మన్ వైద్యుడు ఓబెర్న్‌డోర్ఫర్ కార్సినాయిడ్ అని పేరు పెట్టాడు. ఇవి, ముఖ్యంగా కాలేయానికి పాకినప్పుడు, సెరటోనిన్ వంటి పదార్థాలను రక్తంలో నింపుతాయి.

భేదం ఎట్లా తెలుస్తుంది?

ముట్లుడిగే ఆవిర్లకు చెమట తోడుగా ఉంటుంది. కార్సినాయిడ్ ఎరుపు సాధారణంగా పొడిగా ఉంటుంది. ఉపవాసమున్నా ఆగని నీళ్ల విరేచనాలు, ఛాతీలో పిల్లికూతలు, బరువు తగ్గడం తోడైతే జాగు చేయరాదు. ఇరవైనాలుగు గంటల మూత్రాన్ని సేకరించి చేసే పరీక్ష ఉన్నది. దానికి రెండు మూడు రోజుల ముందు నుండి అరటిపండు, అనాస, టమాటా, అక్రోట్లు మానాలి.

స్త్రీ హార్మోన్ల పాత్ర

హార్మోను తాళంచెవి అయితే, కణంలోని గ్రాహకం తాళం వంటిది. క్లోమంలో పుట్టే ఈ కణితులలో చాలావాటికి ప్రొజెస్టరాన్ గ్రాహకాలు, కొన్నింటికి ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉంటాయి. ప్రొజెస్టరాన్ గ్రాహకాలు నశించిన కణితులు మరింత ఉద్ధృతంగా ప్రవర్తిస్తాయని పరిశోధకులు గమనించారు. ఇది వ్యాధి గతిని అంచనా వేయడానికి ఉపకరించే గుర్తు మాత్రమే. హార్మోన్లతో ఈ కణితులను నయం చేసే చికిత్స ఏదీ ఇంతవరకు స్థిరపడలేదు.

నిదానమే ముందు

గురుకులంలో మేము సుశ్రుత సంహితలో నిదానస్థానం చదివిన తరువాతనే చికిత్సాస్థానానికి వెళ్లేవారము. అర్బుదాన్ని శేషం లేకుండా తొలగించాలనీ, మిగిలితే మరల పెరుగుతుందనీ సుశ్రుతుడే హెచ్చరించాడు. ఆపిల్ సంస్థను స్థాపించినవారిలో ఒకడైన స్టీవ్ జాబ్స్‌కు 2003లో క్లోమంలో ఈ జాతి కణితి బయటపడింది. ఆహార నియమాలు, మూలికలతో దాదాపు తొమ్మిది నెలలు గడిపి, 2004లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 2011లో మరణించాడు. ఆ జాప్యం ఎంత ఆయుష్షును హరించిందో ఎవరూ చెప్పలేరు. కాని మూలికలను నమ్మిన నేను సైతం ఆ జాప్యాన్ని సమర్థించను.

పరీక్షలో దోషం లేదని తేలితే, వట్టివేళ్లు నానిన నీరు, పలుచని మజ్జిగ సేవించి, కారాన్ని తగ్గించండి. కణితి ఉన్నదని తేలితే మాత్రం శతావరి చూర్ణమైనా, సోయా ఆహారమైనా కేన్సర్ వైద్యునికి చెప్పకుండా వాడకండి. మందు ఇంటిలోనే ఉండవచ్చును. రోగమేదో తెలిసిన తరువాతనే డబ్బా మూత తీయాలి.