కొటేషన్‌లో రాయని సంగతులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్లు కొనేవాళ్లకు అది సీటీసీ. అక్కడే కాదు, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో అయినా సరే, "తక్కువలో గేమింగ్‌కి ఒక సిస్టమ్ చెప్పన్నా" అంటే చాలు, కాసేపట్లో ఓ కొటేషన్ చేతిలో పడుతుంది. చవక రకం కొటేషన్ ఇంచుమించు ఇలా ఉంటుంది: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, రంగు లైట్ల ఫ్యాన్లున్న క్యాబినెట్. పెద్ద కంపెనీ పేరున్న రెడీమేడ్ డెస్క్‌టాప్ మీదా దాదాపు ఇవే మాటలుంటాయి, ధర మాత్రం బాగా ఎక్కువ. ఇంకేం, అసెంబుల్ చేయించుకోవడమే లాభం అనిపిస్తుంది.

ఆ చీటీలో ప్రతి మాటా నిజమే కావచ్చు. చిక్కంతా రాయకుండా వదిలేసిన మాటల్లో ఉంది.

ఐ5 అన్నారు, ఏ తరానిదో చెప్పలేదు. ఇంటెల్ 2011లో తెచ్చిన ఐ5-2400 కూడా ఐ5యే. పాత ఆఫీసు కంప్యూటర్లలోంచి ఊడదీసిన ఆ ప్రాసెసర్లను, వాటికి సరిపోయే హెచ్61 బోర్డుల్లో పెట్టి కొత్త క్యాబినెట్‌లో బిగించి అమ్మడం మార్కెట్లో మామూలే. దాని మీద విండోస్ 11 అధికారికంగా పనిచేయదు. ఆ విండోస్‌కు కావలసిన టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఆ తరం బోర్డుల్లో లేదు. విండోస్ 11లో వాలరంట్ ఆడాలన్నా ఆ టీపీఎమ్ ఉండి తీరాలి. ఇక విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. (జీటీఏ వైస్ సిటీ, క్రికెట్ 07 తప్ప ఇంకేం ఆడనివాళ్లకు ఈ గొడవేదీ లేదు. వాళ్లు ఈ వ్యాసాన్ని ఇక్కడే ఆపేసి హాయిగా ఆడుకోవచ్చు.)

అంతకంటే పెద్ద మాయ "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అన్న మాటలో ఉంది. అది అర్థం కావాలంటే ఆట నడుస్తున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు 60 బొమ్మలు, అంటే 60 ఫ్రేములు గీయాలి. ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం సెకనులో వెయ్యో వంతులు పదహారు, పదిహేడు మాత్రమే. సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చాలన్నమాట. ఒక్కో చుక్క కోసం గోడ తాలూకు బొమ్మ, నీడ, వెలుగు, దూరం ఇవన్నీ మెమరీలోంచి మళ్లీ మళ్లీ చదవాలి. అందుకే గ్రాఫిక్స్ కార్డుకు ఎన్ని జీబీల మెమరీ ఉందన్నది సగం సంగతే. సెకనుకు ఎన్ని జీబీలు చదవగలదన్నది మిగతా సగం. చవక కొటేషన్లలో తరచూ కనిపించే జీటీ 730 కార్డు 2014 నాటిది. దాని డీడీఆర్3 రకాల్లో నెమ్మదైనది సెకనుకు 14.4 జీబీ మాత్రమే చదవగలదు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 కార్డులోనూ 4 జీబీయే. కానీ చదివే వేగం 128 జీబీ. కొటేషన్‌లో మాత్రం రెండూ "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు"లే.

ఇక్కడే ఇంకో విచిత్రం. విడిగా కార్డే లేని కంప్యూటర్ ఆ జీటీ 730ని సులువుగా దాటేస్తుంది. ఏఎండీ 2021లో తెచ్చిన రైజెన్ 5 5600జిలో గ్రాఫిక్స్ భాగం ప్రాసెసర్ చిప్‌లోనే ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు, కంప్యూటర్ ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్4-3200 ర్యామ్ స్టిక్ ఒకటి పెడితే సెకనుకు 25.6 జీబీ, రెండు పెడితే 51.2 జీబీ అందుతుంది. దీంతో వాలరంట్‌ను తక్కువ సెట్టింగుల్లో వంద ఫ్రేముల పైనే ఆడవచ్చు. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5ను కాస్త సర్దుకుంటే 60 దరిదాపుల్లో ఆడవచ్చు. సరదాగా ఆడేవాళ్లలో చాలామందికి ఇంతకంటే అక్కర్లేదు.

కానీ "16 జీబీ ర్యామ్" అన్నచోట ఒకే 16 జీబీ స్టిక్ పెట్టారో, ఐదు హార్స్‌పవర్ మోటారుకు అర అంగుళం పైపు తగిలించినట్టే. మోటారు తప్పేం లేదు, నీళ్లే రావు. అవే డబ్బులతో 8 జీబీ స్టిక్కులు రెండు కొని, బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలో (నాలుగు స్లాట్లుంటే సాధారణంగా రెండోది, నాలుగోది) గుచ్చితే అదే చిప్ వేగం స్పష్టంగా పెరుగుతుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ఇంత చవగ్గా దొరికే లాభం ఇంకోటి లేదు. తక్కువ ధర రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటిలో ఒకే స్టిక్ ఉంటుంది. కంపెనీకి ఒక ముక్క మిగులు, పైగా రెండో స్లాట్ ఖాళీగా ఉందని చెప్పుకోవచ్చు.

విడిభాగాలు ఒకదానికొకటి అతకడం వెనక ఓ పాత కథ ఉంది. 1981లో ఐబీఎం తన తొలి పీసీని హడావుడిగా, బయట దొరికే భాగాలతోనే తయారుచేసింది. లోపలి వివరాలను పుస్తకంగా అచ్చువేసింది కూడా. దాంతో కాంపాక్ లాంటి కంపెనీలు అచ్చం అలాంటివే చేయగలిగాయి. 1984లో మైకేల్ డెల్ టెక్సస్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో భాగాలు బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి తెచ్చింది. మదర్‌బోర్డు మరలు ఎక్కడ పడాలో, పవర్ సప్లై ఏ ఆకారంలో ఉండాలో అది తేల్చేసింది. అందుకే ఈరోజు ఒక స్క్రూడ్రైవర్, ఒక వీడియో, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా ఒక మధ్యాహ్నంలో కంప్యూటర్ బిగించవచ్చు. బిగించడం అసలు కష్టమే కాదు. జాబితా రాయడమే కష్టం. జాబితా మనది, బిగింపు దుకాణానిది అనే మధ్యేమార్గం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, కొత్తవాళ్లకు అదే సుఖం.

రెడీమేడ్‌ను కొట్టిపారేయడానికి లేదు. అసలైన విండోస్ లైసెన్స్ సాధారణంగా అందులోనే వస్తుంది. అసెంబుల్ చేయించినప్పుడు చాలామంది ఆ ఖర్చు లెక్కే వేయరు, దొంగ కాపీ ఎక్కించుకుని "చవగ్గా అయిపోయింది" అంటారు. వారంటీ కూడా మొత్తానికి ఒకటే ఉంటుంది. పాడైతే ఒక నంబరుకు ఫోన్ చేస్తే సరి. విడిగా కొన్న భాగాలకు వారంటీ సాధారణంగా ఎక్కువ కాలమే, చాలావాటికి మూడేళ్లు. కానీ ఏ భాగం పాడైందో కనిపెట్టాల్సింది కొన్నవాళ్లే. ఏ పాడేరులోనో భూపాలపల్లిలోనో ఉన్నవాళ్లు బోర్డు పట్టుకుని నగరంలోని సర్వీస్ సెంటర్‌కు బస్సెక్కాల్సి రావచ్చు. అలాంటివాళ్లు బ్రాండెడ్‌కు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడంలో తెలివితక్కువతనమేమీ లేదు.

బ్రాండెడ్‌తో అసలు ఇబ్బంది రెండేళ్ల తర్వాత మొదలవుతుంది. వాటిలో కొన్నింటి మదర్‌బోర్డు, పవర్ సప్లై ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. ఆఫీసుల నుంచి దిగిపోయి సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరికే డెల్ ఆప్టిప్లెక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని చిన్న డబ్బాలో గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటిచ్చే తీగే ఉండదు. స్లాట్ ద్వారా గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి, అంతే. అందుకే వాటిలో జీటీఎక్స్ 1650 పొట్టి రకం లాంటి, విడి కరెంటు అక్కర్లేని కార్డులే పెట్టగలం. అయినా టీపీఎమ్ 2.0 ఉన్న ఎనిమిదో తరం ఇంటెల్ ఆప్టిప్లెక్స్‌కు ఆ పొట్టి కార్డు జోడిస్తే, బొత్తిగా డబ్బుల్లేని విద్యార్థికి అంతకు మించిన బేరం కష్టం. మార్కెట్లో చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, పైన చెప్పిన రంగు లైట్ల ఐ5-2400 కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

అసెంబుల్డ్‌లో డబ్బు మిగిల్చే ప్రలోభం ఎక్కువగా పవర్ సప్లై దగ్గర పుడుతుంది. చీటీలో "450 వాట్స్ ఎస్‌ఎమ్‌పీఎస్" అని ఉంటుంది. డబ్బా పక్కకు తిప్పి స్టిక్కర్ చదవాలి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కావలసింది 12 వోల్టుల లైను నుంచి వచ్చే కరెంటు. ఆ లైను కింద 18 ఆంపియర్లు అని ఉంటే, 18ని 12తో గుణించండి. 216 వాట్లు! మిగతాదంతా ఇతర లైన్లు కలిపి చూపించిన లెక్క. ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు, 5600జి 65 వాట్లు తీసుకుంటాయని కంపెనీ లెక్క. క్షణకాలం అంతకు మించి లాగుతాయి కూడా. వేసవిలో కరెంటు హెచ్చుతగ్గుల మధ్య అలాంటి సప్లై ఆగిపోతే అదృష్టం, ఆగకపోతే బోర్డును కూడా తీసుకుపోవచ్చు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంటే సగం భారం దగ్గర 85 శాతం సామర్థ్యం ఉందని అర్థం. రక్షణ ఏర్పాట్ల గురించి ఆ ముద్ర ఏమీ చెప్పదు.

కార్డుల పేర్లలోనూ మెలికలున్నాయి. ఆర్‌ఎక్స్ 580 అసలుది 2304 గణన యూనిట్లతో వచ్చింది. "2048ఎస్‌పీ" అన్న తోకతో 2018లో చైనా మార్కెట్ కోసం వచ్చినది దాదాపు ఆర్‌ఎక్స్ 570యే. ఆ తోక కొటేషన్‌లో తరచూ మాయమవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే, కార్డు లేకుండా తెర వెలగదు. ఇక "ఇప్పుడు 5600జి పెట్టి, డబ్బులొచ్చాక కార్డు వేద్దాం" అనుకునేవాళ్లు ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి పోకూడదు. అది బోర్డుతో నాలుగు దారుల మీదే మాట్లాడుతుంది. 5600జి ఇచ్చేది పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 వేగం. రెండూ కలిస్తే సెకనుకు 4 జీబీ దగ్గర గొంతు పట్టేస్తుంది. ఎనిమిది దారులున్న 6600కు ఆ బాధ లేదు.

వీటన్నిటినీ తలకిందులు చేసేది ధరల గాలి. 2021లో ఈథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీని తవ్వేవాళ్లు కార్డులన్నీ ఎగరేసుకుపోయినప్పుడు, విడి కార్డు కొనడం కంటే కార్డు ఉన్న రెడీమేడ్ కొనడమే నయమైంది. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియమ్ పద్ధతి మార్చుకోగానే కార్డులతో తవ్వే పని నిలిచిపోయింది, వాడిన కార్డులు గుట్టలుగా అమ్మకానికొచ్చాయి. 2025 చివర్లో వంతు ర్యామ్‌ది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటి గాలి వీస్తున్నప్పుడు పాత ధరకు తయారై షోరూములో కూర్చున్న డబ్బాయో, ర్యామ్‌తో సహా వచ్చే సెకండ్ హ్యాండ్ ఆఫీసు సిస్టమో గెలుస్తుంది. ధరలు మామూలుగా ఉన్నప్పుడు మాత్రం సొంత జాబితాతో అసెంబుల్ చేయించుకున్నదే ముందుంటుంది. రేపు కార్డు మార్చాలన్నా, సప్లై మార్చాలన్నా దానికి అడ్డు లేదు.

ఏది కొన్నా కౌంటర్ దగ్గరే ఒకసారి ఆన్ చేయించాలి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే ర్యామ్ వేగం, ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తాయి. 3200 అని కొన్నది అక్కడ 2400గానో 2666గానో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. బయాస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ అనే సెట్టింగు ఆన్ చేయమనాలి, రెండు నిమిషాల పని. తర్వాత జీఎస్‌టీ బిల్లు అడగాలి. "సిస్టమ్ ఒకటి" అని గంపగుత్తగా రాస్తే ఒప్పుకోకూడదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కార్డు, సప్లై విడివిడిగా, మోడల్ పేరుతో, సీరియల్ నంబర్లతో రాయించుకోవాలి. డబ్బాలు పారేయకుండా అటక మీద పెట్టుకోవాలి.