రాకెట్టు విడిభాగాలు – కొలత విలువ

అంతరిక్ష పరిశ్రమ అనగానే మన విద్యార్థుల మనస్సులో శ్రీహరికోట ప్రయోగవేదిక, నిప్పు, పొగ, కరతాళ ధ్వనులు మెదలుతవి. కాని రాకెట్టు పుట్టుక అచ్చట కాదు. అది అనేక నగరాలలో, ముక్కలు ముక్కలుగా, లేతు యంత్రాల మీద పుడుతుంది. పి.ఎస్.ఎల్.వి. మొదటి దశ కవచానికి వాడే మారేజింగ్ ఉక్కు హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్‌లో తయారవుతున్నది. బాలానగర్ ప్రాంతపు చిన్న కర్మాగారాలు ఎన్నో చిన్న భాగాలను చేసి ఇస్తున్నవి. ఈ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మెకానికల్ ఇంజనీరింగులో చేరిన నేను అట్టి ఒక కర్మాగారంలో ఆరు వారాలు పారిశ్రామిక శిక్షణ పొందాను. ఆ పని ఎట్టిదో మన విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాకు అప్పగించిన పని వినడానికి అల్పంగా తోస్తుంది. అర మీటరు వ్యాసం గల అల్యూమినియం మిశ్రమలోహపు వలయాలకు చుట్టూ ఒక గాడి ఉంటుంది. వలయపు వ్యాసం, ఆ గాడి లోతు కొలిచి కాగితంపై వ్రాయాలి, అంతే. గాడిలో రబ్బరు వలయం కూర్చుంటుంది. రెండు భాగాలను బోల్టులతో బిగించినప్పుడు రబ్బరు కొద్దిగా నలిగి సందును మూసివేస్తుంది. కావున గాడి లోతు రబ్బరు మందం కంటె తక్కువగా ఉండాలి. మరీ తక్కువైతే రబ్బరు చితికిపోతుంది. ఎక్కువైతే నలగదు, లోపలి వాయువు దారి చేసుకుంటుంది.

ఆ దారి ఎంత దూరం పోతుందో లోకానికి 1986లో తెలిసింది. జనవరి 28న అమెరికా వ్యోమనౌక చాలెంజర్ బయలుదేరిన 73 సెకండ్లకే విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. ఘన ఇంధన రాకెట్టు అతుకులోని రబ్బరు వలయం ఆనాటి చలికి బిగుసుకొని, సందును సకాలంలో మూయలేకపోయింది. చలిలో ప్రయోగం వద్దని ఆ రాకెట్టు తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు ముందు రాత్రియే వారించినా ఆ మాట చెల్లలేదు. ఘన ఇంధనానికి ఒక గుణమున్నది: ఒకసారి అంటుకొన్న తరువాత దానిని ఆపడం సాధ్యం కాదు. మన పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం అయిదు ఖండాలుగా ఉండి రెండు నిమిషాల లోపే కాలిపోతుంది. దోషమేదైనా ఉంటే నేల మీద ఉండగానే పట్టుకోవాలి. మన ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం 1979 ఆగస్టు 10న విఫలం కావడానికి కారణం కూడ చిన్నదే. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం సరిగా మూసుకొనక ఆమ్లం కారిపోయింది. మరుసటి సంవత్సరం జూలై 18న అదే నమూనా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది.

ఇక కొలత సంగతి. లోహం వేడికి వ్యాకోచిస్తుందని తొమ్మిదవ తరగతి పిల్లవాడు కూడ చెప్పగలడు. కాని అది పనిలో ఎట్లా అడ్డు వస్తుందో చూడవలసిందే. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో షెడ్డులోపల 40 డిగ్రీలుంటే, అర మీటరు అల్యూమినియం వలయపు వ్యాసం సుమారు 0.23 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఉక్కు కొలపరికరం కూడ పెరుగుతుంది గాని అందులో సగమే. అనగా వేడిలో కొలిస్తే దాదాపు పదకొండు శతాంశాల తేడా వస్తుంది. మాకు అనుమతించిన తేడా అయిదు శతాంశాలు మాత్రమే. అందువలన వలయాలను చల్లని గదిలో కొన్ని గంటలుంచి, ఆ తరువాతనే పరికరం పట్టాలి. లేతు మీద నుంచి దిగిన ముక్కను ఎవరైనా ఆత్రపడి తాకబోతే మా ఉస్తాద్, "నక్కో బేటా, పైలే ఠండా హోనే దో" అనేవారు.

ఆయన బడిచదువు స్వల్పం. చేతికి మాత్రం శతాంశాలు తెలుసు. పాతకాలపు లెక్కలో అంగుళంలో ఎనిమిదవ వంతును ఆయన 'సూత్' అంటే, పక్క యంత్రం మీది తెలుగు కార్మికుడు 'నూలు' అనేవాడు. రెండు మాటలకూ అర్థం దారమే! ఉర్దూ, తెలుగు విభాగాలు పక్కపక్కనే ఉన్న మన కళాశాలవారికి ఇది ముచ్చట గొలుపుతుందని ప్రస్తావించాను. ఆ ఒక్క నూలులో మూడు వందలకు పైగా శతాంశాలున్నవి.

నాలుగవ వారంలో ఒక వలయపు గాడి లోతు హద్దు కంటె రెండు శతాంశాలు ఎక్కువగా తేలింది. మూడుసార్లు కొలిచాను. ఉస్తాద్ కూడ కొలిచి తల పంకించారు. అది ఆయన మూడు దినాల శ్రమ. లోహం ఖరీదు యజమానికి నష్టం. ఎక్కువ కోసిన లోహాన్ని తిరిగి అతికించలేము. రెండు శతాంశాలంటే వెంట్రుక మందంలో కొద్ది భాగమే గనుక చూడనట్లు ఊరకుండవచ్చునని అక్కడ ఒకరిద్దరు అన్నారు. ఉస్తాద్ మారు మాటాడక ఉన్న అంకెనే వ్రాయించి, ముందు తాను సంతకం చేసి, తరువాత నా చేత చేయించారు. అట్టి ముక్కను వాడవచ్చునా అన్న నిర్ణయం చేసినవారిది కాదు. దానిని కోరిన సంస్థ పరిశీలకులది. ప్రతి భాగానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య వెంట పోతే అది ఏ లోహపు దిమ్మె నుంచి వచ్చిందో, ఎవరు కోసారో, ఎవరు కొలిచారో అంతా కాగితంపై దొరుకుతుంది. పరిశీలకులు దానిని నిరాకరించారు. ఎర్ర రంగు పూసి వేరే పెట్టెలో ఉంచారు. యజమాని రెండు రోజులు ముభావంగా ఉన్నారు గాని ఎవరినీ ఏమీ అనలేదు.

ఇట్టి శిక్షణ కోరే విద్యార్థులు శ్రీహరికోట పిలుపు కోసమే వేచి ఉండనక్కరలేదు. తమ శాఖాధిపతి లేఖతో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి కర్మాగారాలను అడిగి చూడవచ్చు. అక్కడ మొదట అక్కరకు వచ్చేది చిత్రలేఖనం చదవడం, మైక్రోమీటరు పట్టడం. కళాశాల పాలకవర్గానికి ఒక మనవి: మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు స్లిప్ గేజీలు ఒక పెట్టె, మంచి మైక్రోమీటర్లు నాలుగు సమకూర్చగలిగితే, వచ్చే సంవత్సరం ఇక్కడి నుంచి వెళ్ళే పిల్లలు మొదటి వారం వాటిని పట్టడం నేర్చుకోవడంలోనే గడపనక్కరలేదు.