ఎండతో కారు ఎందుకు నడవదు? ఎలా నడుస్తుంది?

ఏప్రిల్‌లో గద్వాల ఎండకు కారు పైకప్పు మీద చెయ్యి పెట్టలేం. మరి ఆ ఎండతోనే కారు నడపలేమా? లెక్క వేద్దాం.

చిన్న కారు పైకప్పు సుమారు 2 చదరపు మీటర్లు. నడినెత్తిన సూర్యుడుంటే చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల శక్తి అందుతుంది. సోలార్ పలక అందులో ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. అంటే 400 వాట్లు. ఐదు గంటల గట్టి ఎండకు 2 యూనిట్లు. యూనిట్‌కు 7 కిలోమీటర్లు అనుకుంటే 14 కిలోమీటర్లు! బడికి పోయి రావచ్చు. నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి చాలదు.

అదే 3 కిలోవాట్ల పలకలు ఇంటి డాబా మీద పెడితే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. ఆరింతలు!

మరి రాత్రి? మనకు కృష్ణమ్మ నీటితో తీసే కరెంటు ఉంది. జూరాలలో 39 మెగావాట్ల యంత్రాలు ఆరు. నాగర్‌కర్నూల్ జిల్లా అంచున, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి మరో ఆరు. ఈ శ్రీశైలం యంత్రాలు వెనక్కి తిరిగి, కిందికి దిగిన నీళ్లను మళ్లీ జలాశయంలోకి తోడగలవు. జలాశయమే ఒక పెద్ద బ్యాటరీ అన్నమాట. ఎంత అందమైన ఆలోచన!

కరెంటు కారు ధర పెంచేది కూడా బ్యాటరీయే. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారులో బరువైన సీసం బ్యాటరీలుండేవి. తర్వాత తేలికైన లిథియం వచ్చింది. ఇప్పుడు ఖరీదైన కోబాల్ట్, నికెల్ అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ధరను దించుతోంది. మన ఊళ్ల మధ్య తిరగడానికి చిన్న బ్యాటరీ చాలని నా నమ్మకం.